కమానుకు మిగిలింది

ఎస్తోనియా రాజధాని తాలిన్‌లో 1977 సెప్టెంబరు నెల. ఓ కచేరీకి రిహార్సల్ జరుగుతోంది. వాద్యకారుల ముందు స్టాండుల మీద కొత్త రచన తాలూకు నొటేషన్ పెట్టారు. పేజీలు తిప్పి చూస్తే అందులో పెద్దగా ఏమీ లేదు. కొన్ని స్వరాలు, తర్వాత ఖాళీ బార్లు. మళ్ళీ అవే స్వరాలు, వాటికి అటొకటి ఇటొకటి చేరి, మళ్ళీ ఖాళీ. ఇందులో సంగీతం ఎక్కడుందని వాళ్ళు అడిగారట. ఆ రచన చేసిన ఆర్వో పార్ట్ తర్వాతి కాలంలో ఈ సంగతి తనే చెప్పుకున్నాడు. అలా అడిగినవాళ్ళే చివరికి చాలా బాగా వాయించారని కూడా చెప్పాడు.

అడగడంలో వాళ్ళ తప్పేమీ లేదు. రెండు ఫిడేళ్ళు ముందు నిలబడి, వెనక తీగవాద్యాల బృందం కూర్చుంటే యూరప్ సంప్రదాయంలో దానికో అర్థముంది. వేళ్ళు పరిగెత్తాలి, కమాను ఎగిరెగిరి పడాలి, వింటున్నవాళ్ళు నోరు తెరవాలి. పైగా ఆ రోజు సోలో వాయించాల్సిన ఇద్దరిలో ఒకడు గిదోన్ క్రెమర్. రీగాలో పుట్టి, మాస్కోలో డేవిడ్ ఓయిస్ట్రాఖ్ దగ్గర చదువుకుని, 1970లో చైకోవ్‌స్కీ పోటీ గెలిచిన వాడు. అప్పటికి ముప్ఫై ఏళ్ళు. అంతటివాడి చేతిలో సరళీ స్వరాల్లాంటి కాగితం పెట్టారు.

సరళీ స్వరాలని ఎగతాళికి అనడం లేదు. చిన్నప్పుడు ఫిడేలు పట్టుకున్నవాళ్ళకి మొదటి నెల గుర్తుండే ఉంటుంది. మా మాస్టారు ఒక్క ‘స’ మీద కమానును మొదలు నుంచి కొస దాకా లాగించేవారు. కొస నుంచి వెనక్కి. మధ్యలో వణికితే మళ్ళీ మొదటి నుంచి. వర్ణాలకి వచ్చేసరికి ఆ వణుకు పోయిందనుకున్నాను. పోలేదు, గమకాల చాటున దాక్కుంది. పార్ట్ రాసిన కాగితంలో అలా దాక్కోవడానికి చోటు దొరకదు. ఏ స్వరం రావాలో ఓ నియమం ముందే తేల్చేసింది. వేళ్ళకి పని తక్కువ. మిగిలిందంతా కమాను పని.

ఆ రచన పేరు ‘తబులా రాసా’. లాటిన్‌లో తుడిచిన పలక అని. 1984లో జర్మనీకి చెందిన ఈసీఎం సంస్థ అదే పేరుతో ఒక ఆల్బమ్ విడుదల చేసింది. మొదట క్రెమర్ ఫిడేలు, కీత్ జారెట్ పియానో కలిసి వాయించిన ‘ఫ్రాత్రెస్’. తర్వాత ఇంగ్లండు కంపోజర్ బెంజమిన్ బ్రిటెన్ స్మృతికి రాసిన ‘కాంటుస్’. ఆ తర్వాత మళ్ళీ ‘ఫ్రాత్రెస్’, ఈసారి బెర్లిన్ ఫిల్‌హార్మొనిక్‌లోని 12 మంది సెల్లో వాద్యకారులతో. ఆఖర్న ‘తబులా రాసా’. అంతే. నా లెక్కలో ఇదంతా ఛేంబర్ సంగీతమే. అందరూ కలిసి వాయించేదాన్ని పట్టుకుని ఛేంబర్ సంగీతం అంటారా అని ఎవరైనా అభ్యంతరపెట్టవచ్చు. ఛేంబర్ సంగీతమంటే గదిలో పట్టేది, ఒక్కో వరసకీ ఒక్కో మనిషి పూచీ పడేది. ఈ ఆల్బమ్‌లో పెద్ద బృందమున్న చోట కూడా ఆ పూచీ కనిపిస్తుంది. మంద చాటున ఎవరూ ఉండరు.

ఒకే రచనను ఒకే ఆల్బమ్‌లో రెండుసార్లు పెట్టడం వింతే. ‘ఫ్రాత్రెస్’ను పార్ట్ 1977లో మొదట రాసినప్పుడు ఫలానా వాద్యానికని రాయలేదు. ప్రాచీన సంగీతం వాయించే ‘హోర్తుస్ మూసికుస్’ అనే తాలిన్ బృందం కోసం, మూడు వరసలుగా రాశాడు. ఆ వరసలు ఏ వాద్యం మీద పలికినా దాని రూపం చెడదు. ఫిడేలు, పియానో రూపం 1980లో జాల్జ్‌బర్గ్ ఉత్సవం అడిగితే వచ్చింది. దాన్ని క్రెమర్‌కూ, అప్పటి అతని జోడీ పియానిస్టు ఎలెనా క్రెమర్‌కూ అంకితమిచ్చాడు. మనకిది కొత్తేమీ కాదు. ఒకే కీర్తనను వీణ మీద ఒకరు, నాదస్వరం మీద ఒకరు వాయిస్తే అది రెండు కీర్తనలని ఎవరూ అనరు కదా.

ఆల్బమ్ పుట్టిన కథ ఈసీఎం అభిమానులందరికీ తెలిసిందే. ఆ సంస్థను 1969లో మ్యూనిక్‌లో మొదలుపెట్టిన మాన్‌ఫ్రెడ్ ఐకర్ స్వయంగా డబుల్ బాస్ వాయించేవాడు. అప్పటిదాకా వేసినవి ప్రధానంగా జాజ్ రికార్డులు. ఓ రాత్రి స్టుట్‌గార్ట్ నుంచి జూరిక్ వైపు కారు నడుపుతుంటే రేడియోలో ‘తబులా రాసా’ వచ్చింది. కారు పక్కన ఆపి చివరిదాకా విన్నాడు. అదెవరిదో తెలుసుకోవడానికి అతనికి చాలాకాలం పట్టింది. తెలిశాక రికార్డు వేయడంతో ఆగలేదు, నొటేషన్‌లో రాసే సంగీతం కోసం ‘న్యూ సిరీస్’ అని ప్రత్యేకంగా ఓ వరస ప్రారంభించాడు. అందులో మొదటిది ఇదే.

జారెట్‌ను పిలవడం ఐకర్ ఆలోచనల్లో నాకు బాగా నచ్చినది. జారెట్ అంటే మనోధర్మమే. 1975లో కొలోన్ నగరంలో ముందుగా ఏమీ అనుకోకుండా పియానో ముందు కూర్చుని గంటకు పైగా అల్లుకుంటూ పోయి, జాజ్ చరిత్రలో నిలిచిపోయిన మనిషి. ‘ఫ్రాత్రెస్’లో అతనికి ఒక్క స్వరం కూడా సొంతంగా కలపడానికి వీల్లేదు. కలపలేదు కూడా. 1983 అక్టోబరులో బాసెల్‌లో జరిగిన ఆ రికార్డింగులో అతను చేసిందల్లా ఒక్కో కార్డ్‌నీ, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తినీ, ఎంత బరువుతో దించాలి, ఎంతసేపు మోగనివ్వాలి అన్నది చూసుకోవడం. చాలామంది పియానిస్టులకు అది చిన్న పని అనిపిస్తుంది. అతను వాయించింది విన్నాక అనిపించదు.

ఇక పార్ట్ సంగతి. 1935లో పైదె అనే చిన్న ఊళ్ళో పుట్టి, రక్వెరెలో పెరిగాడు. ఇంట్లో పియానో ఉండేది గానీ దాని మధ్య మెట్లు పాడైపోయాయి. పిల్లవాడు పై చివర, కింది చివర వాయించుకునేవాడు. దీనికీ అతని తర్వాతి సంగీతానికీ ముడిపెట్టడం జీవితచరిత్రకారులకు సరదా. నాకు మాత్రం మరో వివరం ముఖ్యమనిపిస్తుంది. 1958 నుంచి 1967 దాకా అతను ఎస్తోనియా రేడియోలో సౌండ్ ఇంజనీరు. ధ్వని ఎలా మొదలవుతుందో, ఎలా ఆరిపోతుందో రోజంతా చెవికి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నవాడు. అతని సంగీతంలో ఆరిపోవడానికి అంత చోటు ఎందుకుంటుందో ఆ ఉద్యోగమే చెబుతుంది.

మొదట్లో అతను రాసినది మరో రకం. 1960లో రాసిన ‘నెక్రోలోగ్’ ఎస్తోనియాలో పన్నెండు స్వరాల పద్ధతిలో వచ్చిన మొదటి రచన. పడమటి పోకడలంటూ సోవియట్ సంగీత పెద్దలు తిట్టిపోశారు. 1968లో ‘క్రెదో’ వచ్చింది. క్రీస్తును నమ్ముతున్నానని లాటిన్‌లో బృందం చేత పాడించడం, అదీ సోవియట్ గడ్డ మీద. గొడవైంది. ఆ రచనను మళ్ళీ వినిపించనివ్వలేదు. అయితే ఆ తర్వాత పార్ట్ దాదాపు ఎనిమిదేళ్ళు మౌనంగా ఉండిపోవడానికి కారణం అధికారులొక్కరే కాదు. తన దగ్గరున్న పనిముట్లేవీ అతనికి పనికిరాలేదు. మధ్యలో చెప్పుకోదగ్గది 1971లో రాసిన మూడో సింఫనీ ఒకటి. మిగతా కాలమంతా పాత చర్చి గానాలు ముందేసుకుని, ఒంటి వరసలో, తోడు లేకుండా నడిచే స్వరాలు రాసి రాసి నోటుబుక్కులు నింపాడు. ఒక వరస నడవడమంటే ఏమిటో మళ్ళీ ఓనమాల నుంచి నేర్చుకున్నాడు. 1976లో బయటపడ్డాడు. ఇల్లు విడిచి దూరదేశం వెళ్ళిన ఓ అమ్మాయికని రాసిన ‘ఫ్యూర్ అలీనా’ అనే పియానో రచనతో. మొత్తం 15 బార్లు.

ఆ రచనతో దొరికిన పద్ధతికి పార్ట్ పెట్టిన పేరు ‘టిన్‌టిన్నాబులి’. లాటిన్‌లో చిరుగంటలు. పేరు చూసి బెదరక్కర్లేదు. సరళీ స్వరాలు తెలిసినవాళ్ళకి పది నిమిషాల్లో అర్థమవుతుంది, అందుకే వివరంగా చెబుతాను. రెండు గొంతులనుకోండి. మొదటి గొంతు మెట్టు మెట్టుగా నడుస్తుంది: స రి గ మ ప ధ ని. గెంతులు లేవు. మన నఠభైరవి మేళం స్వరాలే, పాశ్చాత్యులు సహజ మైనర్ స్కేల్ అనేవి. రెండో గొంతుకి మూడే స్వరాలు తెలుసు: స, గ, ప. అంటే ఆ స్కేల్ తాలూకు ప్రధాన కార్డ్. మొదటి గొంతు ఏ స్వరం పలికితే, దానికి పైన అతి దగ్గరగా ఉన్న తన స్వరాన్ని రెండో గొంతు పలకాలి. మొదటిది ‘స’ అంటే రెండోది ‘గ’. ‘రి’ అన్నా ‘గ’. ‘గ’ అంటే ‘ప’. ‘మ’ అన్నా ‘ప’. ‘ప’, ‘ధ’, ‘ని’ దేనికైనా పై ‘స’. ఇంతే నియమం. పైన దగ్గరిది కాకుండా కింద దగ్గరిదని పెట్టుకోవచ్చు, లేదా ఒకటి వదిలి రెండోదని, లేదా ఓసారి పైన ఓసారి కింద అని. ఏదో ఒకటి ముందు ఖాయం చేసుకుంటే ఆపై కంపోజర్ ఇష్టంతో పని లేదు.

హార్మోనియం దగ్గరుంటే వాయించి చూడండి. ‘స’తో ‘గ’, బాగుంది. ‘రి’తో ‘గ’ అనేసరికి చెవి చివుక్కుమంటుంది, ఈ మేళంలో ఆ రెంటికీ మధ్య ఒక్క మెట్టే తేడా. వెంటనే ‘గ’తో ‘ప’, ఊరట. ‘మ’తో ‘ప’, మళ్ళీ రాపిడి, ఈసారి కాస్త తక్కువ. అందమైన రాపిడి ఎక్కడ రావాలో, ఊరట ఎక్కడ రావాలో ఎవరూ కూర్చుని ఎంచలేదు. రెండో గొంతు తన మూడు స్వరాలు దాటకుండా ఉన్నందువల్ల, మొదటిది దాని చుట్టూ తిరుగుతున్నందువల్ల వాటంతటవే పుట్టుకొచ్చాయి. పార్ట్ భార్య నోరా దీన్ని ఒకటీ ఒకటీ కలిస్తే ఒకటే అని లెక్క కట్టింది. తిరిగే గొంతు తప్పులు చేసే మనిషనీ, రెండో గొంతు క్షమించేదనీ పార్ట్ భావన. ఆర్థొడాక్స్ చర్చిలో చేరిన మనిషి కాబట్టి అతనికది సహజం. ఆ మాటలు పక్కన పెట్టినా మన చెవికి ఈ ఏర్పాటు పరాయిదేం కాదు. తంబూరా చేసేది అదే కదా. రాగం ఎటు పోయినా అది ‘ప స స స’ అంటూ ఉంటుంది, రాగంలోని ప్రతి స్వరానికీ రంగు దానివల్లే వస్తుంది. తేడా ఎక్కడంటే, పార్ట్ తంబూరా కూర్చున్నచోటే మీటుతూ ఉండదు, గాయకుడి వెంట అడుగులో అడుగేసి నడుస్తుంది.

ఇప్పుడు ఫిడేలు వాద్యకారుడి వైపు నుంచి చూడండి. ‘రి’, ‘గ’ల మధ్య ఆ సన్నని రాపిడి వినబడాలంటే రెండు స్వరాలూ నిలకడగా నిలబడాలి. పాశ్చాత్య ఫిడేలుకు అలవాటైన వైబ్రాటో, అంటే వేలితో స్వరాన్ని కదిపే ఆ వణుకు, పెద్దదైతే రాపిడి మాయమైపోతుంది. తగ్గిస్తే శ్రుతిలో వెంట్రుకవాసి తప్పు కూడా బయటపడుతుంది. మన పద్ధతిలో స్వరానికి ప్రాణం గమకంలో ఉంటుంది. కదలని గాంధారాన్ని మన గురువులు ఒప్పుకోరు. ఈ కారణంగానే పార్ట్‌ను మొదటిసారి విన్నప్పుడు నాకు బోడిగా అనిపించింది. గుండు చేయించుకున్న రాగంలా. చాలాకాలం ఆ ఆల్బమ్ ముట్టుకోలేదు. చెవి స్వరం లోపలికి కాకుండా రెండు స్వరాల మధ్యకి వెళ్ళాలని తెలియడానికి టైము పట్టింది.

కమాను వెంట్రుకల నిడివి సుమారు 65 సెంటీమీటర్లు. ఫిడేలు వాద్యకారుడికి ఉన్న ఊపిరి అంతే. నెమ్మదైన, సన్నని, పొడుగాటి స్వరానికి ఆ 65 సెంటీమీటర్లనూ పొదుపుగా ఖర్చు పెట్టాలి. తొందరపడితే స్వరం పూర్తవకముందే కమాను అయిపోతుంది, మరీ నెమ్మదిస్తే తీగ గరగరమంటుంది. కొసకి వచ్చాక దిశ మార్చాలి, ఆ మార్పు వినబడకూడదు. వేగమైన రచనలో ఇవేవీ ఎవరూ గమనించరు. ఒకే స్వరం ఆరేడు సెకన్లు నిలబడి, చుట్టూ ఏమీ లేనప్పుడు అన్నీ తెలుస్తాయి. కమాను విలువ మనవాళ్ళకి తెలియనిది కాదు. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో దశాబ్దాల పాటు ఫిడేలు నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని జనం ‘ఫిడేలు నాయుడు గారు’ అని పిలుచుకున్నది ఆయన నాదం వల్లే. పాశ్చాత్యుల కమాను వాడకాన్ని కూడా శ్రద్ధగా పరిశీలించి, తనకు కావలసింది తీసుకున్న విద్వాంసుడాయన. పాత రికార్డుల గరగరల్లోంచి కూడా ఆయన ‘స’ ఎంత నిండుగా వస్తుందో వినండి.

‘ఫ్రాత్రెస్’ ఫిడేలు రూపంలో ఇదంతా ఒక్కచోట దొరుకుతుంది. మొదట క్రెమర్ ఒక్కడే. నాలుగు తీగల మీదుగా కమాను అటూ ఇటూ పొర్లుతూ, వినబడీ వినబడనట్టు మొదలై, క్రమంగా పెరిగి గాలివానలా అవుతుంది. తక్కువ స్వరాల సంగీతమని చెప్పి ఇదేమిటని అనుమానం వస్తుంది. జాగ్రత్తగా వింటే ఆ వానలో చినుకులన్నీ కింద రాబోయే నెమ్మది వరసలోని స్వరాలే. అదే వరసను ముక్కలు చేసి చల్లాడు. తర్వాత పియానో కింద ఓ దెబ్బ వేస్తుంది, అక్కడి నుంచి అసలు వరస మొదలు. ఒక్కో వాక్యంలో 7 బీట్లు, తర్వాత 9, తర్వాత 11. ప్రతిసారీ రెండేసి స్వరాలు చేరతాయి. అది ముగిశాక చిన్న విరామం లాంటి దెబ్బలు, ఆపై అదే వరస ఇంకాస్త కింది స్వరం నుంచి. అడుగున మొదటి నుంచి చివరిదాకా ఒకే జంట స్వరాలు మోగుతుంటాయి, మన భాషలో షడ్జ పంచమాలు. వరస మారదు, దిగడం మాత్రం ఆగదు. ఫిడేలు చేసే పనే ప్రతి మలుపులోనూ మారుతుంది: ఓసారి బరువైన కార్డ్‌లు, ఓసారి పరుగు, ఆఖర్న తీగను తాకీ తాకనట్టు వేలు ఆనించి పలికించే ఈలలాంటి హార్మోనిక్స్. క్రెమర్ ధ్వని తీయగా ఉండదు. కాస్త గరుకు, కాస్త చేదు. ఇదే రచనను తర్వాత చాలామంది తేనె పూసి వాయించారు. నాకు గరుకే కావాలి. వరస తియ్యగా లేనప్పుడే రాపిడి తెలుస్తుంది.

ఇలాంటి తక్కువ స్వరాల సంగీతానికి తగిలించే మినిమలిజం అనే మాట పార్ట్ కోసం పుట్టింది కాదు. అది అమెరికాలో 1960లలో మొదలైంది. టెర్రీ రైలీ 1964లో ‘ఇన్ సి’ రాశాడు, ఎంతమందైనా చిన్న చిన్న ముక్కలను ఎవరికి వారు ఎన్నిసార్లైనా తిప్పుతూ ముందుకెళ్ళే రచన. స్టీవ్ రైష్ 1967లో ‘వయొలిన్ ఫేజ్’లో ఒకే ఫిడేలు ముక్కను టేపు మీద తిప్పుతూ, దాని పక్కనే మనిషి చేత అదే ముక్కను వాయించి, కొంచెం కొంచెంగా ముందుకు జరిపాడు. ఈ తరానికి మన దేశంతో చుట్టరికం ఉంది. ఫిలిప్ గ్లాస్ పారిస్‌లో ఓ సినిమా కోసం రవిశంకర్ సంగీతాన్ని పాశ్చాత్య నొటేషన్‌లో రాసే పని చేస్తూ, పక్కనే ఉన్న అల్లా రఖా తబలా లెక్కలు విని లయను కట్టడంలో మరో దారి ఉందని గ్రహించాడు. రైలీ, లా మాంట్ యంగ్ ఇద్దరూ కిరానా ఘరానా గాయకుడు పండిట్ ప్రాణ్ నాథ్‌కు శిష్యులయ్యారు. పార్ట్‌కు ఆ చుట్టరికం లేదు. అతను పాత చర్చి గానాల దారిలో నడిచి ఇంచుమించు అదే వీధికి చేరాడు. అయినా వాళ్ళ ఇంటికీ ఇతని ఇంటికీ చాలా తేడా. అమెరికావాళ్ళది ఆగని చక్రం. పార్ట్ ప్రతి వాక్యం చివరా ఆగుతాడు.

విమర్శకులు ఇతన్నీ, పోలెండుకు చెందిన గొరెట్స్కీనీ, ఇంగ్లండు తావెనర్‌నూ ఒకే గాటన కట్టి ‘భక్తి మినిమలిజం’ అని వెటకరించారు. వెటకారంలో కొంత నిజముంది. ఈ బాణీని అనుకరించడం చాలా తేలిక. మైనర్ కార్డ్ ఒకటి పట్టుకుని, నెమ్మదిగా వాయించి, ప్రతిధ్వని కలిపితే నిద్రపుచ్చే ప్లేలిస్టుకు సరిపడే సరుకు తయారవుతుంది. అవి పార్ట్‌లా వినిపించవు, ఎందుకంటే వాటిలో నియమం లేదు, మూడ్ మాత్రమే ఉంది. సినిమాలవాళ్ళు పార్ట్‌నే తెచ్చి పెట్టుకున్నారు. 2007లో వచ్చిన ‘దేర్ విల్ బీ బ్లడ్’లో ‘ఫ్రాత్రెస్’ సెల్లో రూపం ఉంది. ఇక ఈ ఆల్బమ్‌కు దక్కిన శ్రోతల సంగతి ఒకటి చెప్పాలి. 1980లలో అమెరికాలో ఎయిడ్స్‌తో చివరి రోజుల్లో ఉన్న కొందరు ఈ రికార్డే మళ్ళీ మళ్ళీ పెట్టమని అడిగేవారని సంగీత విమర్శకుడు అలెక్స్ రాస్ 2002లో ‘న్యూయార్కర్’ పత్రికలో రాశాడు. భక్తి మినిమలిజం అని నవ్వినవాళ్ళకు జవాబుగా దీన్ని వాడటం నాకిష్టం లేదు. విన్నవాళ్ళు ఉన్నారు, అంతే.

‘కాంటుస్’ గురించి టూకీగా. బ్రిటెన్ 1976 డిసెంబరు 4న చనిపోయాడు. అతని సంగీతంలోని స్వచ్ఛతను తాను గుర్తించే సమయానికి మనిషి పోయాడని పార్ట్ బాధ. రచన మొత్తం ఒక్క అవరోహణ, ఒక్క గంట. పల్లవి పాడేటప్పుడు మనవాళ్ళు త్రికాలం చేస్తారు, ఒకే పల్లవిని ఒకటో కాలంలో, రెండో కాలంలో, మూడో కాలంలో. ఒకదాని తర్వాత ఒకటి. పార్ట్ ఆ అవరోహణను ఐదు కాలాల్లో ఒకేసారి నడిపాడు. పైన ఫిడేళ్ళు వేగంగా దిగుతుంటే, వాటి కింద సగం వేగంతో ఒకటి, దానికి సగంతో ఇంకొకటి, అలా అడుగున డబుల్ బాస్ పదహారో వంతు వేగంతో. ఒక్కో వరస తన గమ్యమైన స్వరం చేరి అక్కడే ఆగిపోతుంది. అన్నీ చేరేసరికి అదో గోడలాంటి ధ్వని. ఆ హోరు ఆగే ముందు గంటను మెల్లగా కొడతారు, ఎవరికీ వినబడనంత మెల్లగా. హోరు ఒక్కసారిగా ఆగాక అప్పటికే మోగుతున్న గంట బయటపడుతుంది. మైనర్ స్కేల్‌లో లేని అంతర గాంధారం ఛాయ ఆ గంట మోతలో సన్నగా వినిపిస్తుంది.

చివరి రచన, ‘తబులా రాసా’, 1977 నవంబరులో బాన్‌లో కచేరీలో నేరుగా రికార్డు చేసింది. కొలోన్ రేడియోవాళ్ళు పట్టిన టేపు అది. తాలిన్‌లో కండక్టర్ ఎరి క్లాస్ ఈ రచన అడిగినప్పుడు చిన్న షరతు ఉంది: ఆల్‌ఫ్రెడ్ ష్నిట్కె రాసిన ‘కాన్చెర్తో గ్రోస్సో’తో కలిపి వాయించాలి కాబట్టి ఇంచుమించు అవే వాద్యాలతో రాయాలి. రెండు ఫిడేళ్ళు, తీగల బృందం, తీగల మధ్య మరలు బిగించి గంటలా మోగేట్టు చేసిన పియానో. ష్నిట్కె ఎంత గొప్ప కంపోజరైనా ఈ టేపులో ఆ పియానో ముందు కూర్చున్న వాద్యకారుడు. క్రెమర్ పక్కన రెండో ఫిడేలు తత్యానా గ్రిందెంకో, వెనక సౌలియుస్ సొందెత్స్కిస్ నడిపిన లిథువేనియా ఛేంబర్ ఆర్కెస్ట్రా. సోవియట్ రాజ్యం నుంచి పడమటి జర్మనీకి పర్యటనకు వచ్చిన బృందమది. ఇంకో రెండేళ్ళు దాటగానే, 1980లో, పార్ట్ కుటుంబంతో సహా ఆ రాజ్యం వదిలి వియన్నాకు, అక్కణ్ణుంచి బెర్లిన్‌కు వెళ్ళిపోయాడు.

రచనలో రెండు భాగాలు. మొదటిది ‘లూదుస్’, ఆట. రెండు ఫిడేళ్ళూ ఒకే స్వరాన్ని, ఒకటి అతి తారంలో, ఒకటి మంద్రంలో, బలంగా కొట్టి ఆగిపోతాయి. తర్వాత పొడుగాటి నిశ్శబ్దం. పొరపాటున టేపు ఆగిపోయిందా అనిపించేంత. అప్పుడు చిన్న ముక్క, మళ్ళీ నిశ్శబ్దం. లెక్కపెట్టుకుంటూ వింటే పట్టుబడే సంగతొకటుంది: ప్రతిసారీ ముక్క పొడుగవుతుంది, నిశ్శబ్దం కురచవుతుంది. మన లాక్షణికులు ఏరు వెడల్పవుతున్నట్టు పెరిగేదాన్ని స్రోతోవహ యతి అన్నారు, ఆవు తోకలా సన్నగిల్లేదాన్ని గోపుచ్ఛ యతి అన్నారు. ఇక్కడ సంగీతానిది మొదటిది, మౌనానిది రెండోది, రెండూ పక్కపక్కనే నడుస్తాయి. చివరికి మౌనానికి చోటే మిగలక వాద్యాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి హోరెత్తిపోతాయి.

రెండో భాగం ‘సిలెంటియుం’, మౌనం. ఆల్బమ్‌లో ఇదే పెద్దది, నాకు ఇదే ప్రాణం. ఓ ఫిడేలు మెట్టు మెట్టుగా నడుస్తుంది, రెండోది దాని వెంట ‘స గ ప’ల్లో మోగుతుంది. వెనక మరి రెండు జంటలు అదే నడకను వేరే కాలాల్లో నడుస్తుంటాయి. మధ్య షడ్జం దగ్గర మొదలై, ఒక మెట్టు పైకి, ఒక మెట్టు కిందికి వెళ్ళి వెనక్కి వస్తాయి. తర్వాత రెండేసి మెట్లు. తర్వాత మూడేసి. వలయం పెద్దదవుతున్న కొద్దీ ఇంటికి చేరడానికి ఎక్కువసేపు పడుతుంది. చేరినప్పుడల్లా ష్నిట్కె పియానో కింద నుంచి పైకి ఒక్కసారి జల్లుమంటుంది, గుడిలో దూరంగా ఎవరో గంట కొట్టినట్టు. ఈ భాగమంతటా క్రెమర్ చేతిలో విశేషంగా చెప్పుకోవాల్సినదేదీ జరగదు. కమాను వెళుతుంది, వస్తుంది. ఎక్కడ తిరిగిందో నాకు చాలాచోట్ల ఇప్పటికీ తెలియదు. హాలులో జనం ఉన్నారని తెలుస్తూంటుంది, అంత నిశ్శబ్దంలో అది తెలియకుండా ఉండదు.

వలయం బాగా పెరిగాక ఫిడేళ్ళు అందనంత కిందికి దిగాల్సి వస్తుంది. ఫిడేలు అడుగు తీగ అయిపోతే వరసను కింది వాద్యాలు అందుకుంటాయి. వాటి తర్వాత ఇంకా కిందివి. చివరికి డబుల్ బాస్ ఒక్కటే మిగులుతుంది, దాదాపు వినబడకుండా. ని, ధ, ప, మ, గ, రి. ఇంకొక్క మెట్టు దిగితే ఇల్లు. ఆ షడ్జాన్ని పార్ట్ ఎవరికీ రాయలేదు. నొటేషన్‌లో ఆ తర్వాత కూడా బార్లున్నాయి, ఖాళీగా. వాద్యకారులు కమాన్లు పైకెత్తి ఉంచి వాటిని లెక్కపెట్టాలి.